ఎవరూ రాలేదు, ప్రభూ

నర్సీపట్నం,
9 నవంబరు 2025, ఆదివారం.

ప్రియమైన సత్యశ్రీకి,

ఈశ్వరి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. నువ్వక్కడ క్షేమంగా ఉన్నావని తలచడానికి నాకు కోపం కొంచెం అడ్డొస్తోంది, అయినా తలుస్తున్నాను. మీ హాస్టల్లో అందరికీ నా నమస్కారాలు, ఆ రోజు స్పీకర్లో నవ్విన ఇద్దరికీ తప్ప.

ఈ కాలంలో ఉత్తరమేటే అని నువ్వు కవరు అటూ ఇటూ తిప్పి చూస్తుంటావు. ఏం చెయ్యను? నీకు ఇక ఫోన్ చెయ్యనని నూకాలమ్మ తల్లి మీద ఒట్టేశాను. ఉత్తరం రాయనని వెయ్యలేదు. అందుకని మొన్న పోస్టాఫీసుకి వెళ్ళి కవరు అడిగితే, కౌంటర్లో పిల్ల కోర్టు కాయితాలా అండీ అంది. కాదమ్మా, మా స్నేహితురాలికి అన్నాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు నువ్వు చూసి ఉంటే నెల రోజులు నవ్వేదానివి.

నాకు ఎందుకు కోపమొచ్చిందో నీకు గుర్తుండదు. నవ్వినవాళ్ళకి గుర్తుండదు కదా. వేసవిలో ఒకరోజు నేను ఫోన్ చేసి, మనం షెడ్డులో వినే కథలో మహాకేతు మాట ఎత్తగానే, ఆ పిచ్చి కత ఇంకా పట్టుకునే ఉన్నావేటే అని పకపకా నవ్వావు. నవ్వితే నవ్వావు, ఫోన్ స్పీకర్లో ఉంది. వెనకాల ఇంకో ఇద్దరు పడీ పడీ నవ్వారు. ఎవరే ఆవిడ అని ఒకతె అడిగింది. మా ఊళ్ళో జీడిషెడ్డులో పనిసేసే అక్క అన్నావు. అక్కట! నీకంటే రెండేళ్ళు పెద్దదాన్ని, అంతే. ఒకే గదిలో, ఒకే కుక్కర్లో వండుకుని, నీకు జ్వరమొస్తే నేనూ నాకు జ్వరమొస్తే నువ్వూ జాగారం చేసి బతికినవాళ్ళం. నువ్వు బట్టల కంపెనీలో చేరి ఏడు నెలలన్నా కాకుండానే నేను షెడ్డులో పనిచేసే అక్కనయిపోయాను. నాకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ పెట్టేశాను. నువ్వు మళ్ళీ రెండుసార్లు చేశావు, నేను ఎత్తలేదు. మూడోసారి చేస్తే ఎత్తుదామనుకున్నాను. నువ్వు చెయ్యలేదు.

సరే, ఆ గొడవ అక్కడ పెట్టు. షెడ్డు కబుర్లు చెబుతాను. మొన్నటి తుఫానుకి గింజల బస్తాలున్న గది కారిపోయింది. మేస్త్రీ సింగన్న మా అందరి చేతా బస్తాలు మోయించి, తను గొడుగేసుకుని లెక్కపెట్టాడు. నీ పీట మీద ఇప్పుడు సింహాద్రమ్మ కూర్చుంటోంది. నేను పెడల్ తొక్కి గింజని రెండు చెక్కలు చేస్తే, నువ్వు సూదితో పప్పు ఎంత ఒడుపుగా తీసేదానివి! పాపం ఆవిడకి చూపు ఆనడం లేదు. సూది తిన్నగా పప్పులోకే దింపేస్తోంది. విరిగిన పప్పు గిన్నె నిండిపోతుంది, నిండు పప్పు గిన్నెకి అడుగు కనిపిస్తూ ఉంటుంది. ఆవిడ పెద్దదని సింగన్న ఆవిణ్ణి ఏమీ అనలేడు, నన్నంటాడు. నీ జోడీ ఎల్లిపోయిన కాణ్ణించి నీ సెయ్యి కూడా ఎల్లిపోనాదేటే అంటాడు. నేను మూతి ముడుచుకుని ఇంకా గట్టిగా తొక్కుతాను.

ఆ సింహాద్రమ్మ వల్లే కదా మనకి మహాకేతు దాపురించాడు! కిందటేడు శ్రావణ శుక్రవారం ఆవిడకి ఇంటి దగ్గర వ్రతం కుదరక, షెడ్డులోనే కథ వినిపించమని నీ ప్రాణం తీసింది. నువ్వు వ్రత కథ పెట్టి, ఫోన్ని పాలిథిన్ సంచీలో వేసి మేకుకి తగిలించావు. అందరం చేతులకి ఆముదమూ బూడిదా పట్టించి పనిలో కూర్చున్నాం. ఒకసారి కూర్చున్నాక టీ దాకా ఫోన్ ముట్టుకునే దిక్కు లేదు. జీడిసొన చేత్తో పట్టుకుంటే ఫోనూ పాడవుతుంది, ఆనించిన చెంపా కాలుతుంది. కథ అయింది, హారతి అయింది. కొంగున ముడేసుకున్న అక్షింతలు టీ వేళ చేతులు కడుక్కుని తల మీద వేసుకుందామని సింహాద్రమ్మ అనుకుంటూ ఉండగానే, ఫోన్ దానంతటదే ఇంకో కథలోకి దూకేసింది. పెద్ద గాలి హోరు, ఇనప తలుపులు మూసుకున్న చప్పుడు. ఆ వెనక ఒక మగ గొంతు వచ్చింది. సూర్యుణ్ణి నేనే మూశాను, ఇకనుంచి వెలుగు ఎవరికి ఎంతో నేనే చెబుతాను అంది.

షెడ్డంతా బిగుసుకుపోయింది. ఈ రాచ్చసుడు ఇందాకా కతలో లేడే అంది సింహాద్రమ్మ. ఎవరో ఆపీయండే అంటే, కత మద్దిలో ఆపితే ఇంటికి మంచిది కాదు, అమ్మోరొచ్చి ఈణ్ణి సంపీదాకా ఇనాల్సిందే అని పట్టుబట్టింది. ఇది వేరే కత, ఎప్పుడో మూడువేల సంవత్సరంలో జరిగే కత, ఇందులో అమ్మోరు రాదు అని నువ్వు నచ్చజెప్పబోయావు. రాకేటి సేత్తాది, ఏ ఏడయితే ఏటి అమ్మోరికి అంది. కథ పూర్తి కాలేదని టీ వేళ ఆ అక్షింతల ముడి విప్పలేదు, ఇంటికెళ్ళి డబ్బాలో పోసి దాచింది. అలా అమ్మవారి కోసం ఎదురుచూస్తూ, షెడ్డు షెడ్డంతా వారం వారం ఆ దుర్మార్గుడికి చెవులప్పగించాం.

నీకు వాడంటే ఒళ్ళుమంట. సూర్యుడికి అడ్డంగా ఇనప తెర కట్టి, లోకాలన్నిటికీ ఎండ రేషన్ బియ్యంలా కొలిచి ఇచ్చేవాడు నీకెలా నచ్చుతాడులే. నాకు మాత్రం వాడు పొద్దున్నే లేచి అడిగే మాట వింటే జాలేసేది. అంత పెద్ద కోటలో లేచీ లేవగానే, ఎవరైనా వచ్చారా అని యంత్రాన్ని అడుగుతాడు. ఎవరూ రాలేదు ప్రభూ అంటుంది అది. ప్రతి భాగమూ అలాగే మొదలు. షెడ్డులో అది అందరికీ ఆటయిపోయింది. మన గదిలో మరీనూ. బయటున్నవాళ్ళు తలుపు కొడితే లోపలున్నవాళ్ళు గొంతు లావు చేసి, ఎవరైనా వచ్చారా అనాలి. బయటున్నవాళ్ళు యంత్రంలా, ఎవరూ రాలేదు ప్రభూ అనాలి. అప్పుడుగానీ గడియ తీసేవాళ్ళం కాదు. ఒకసారి నువ్వు వర్షంలో తడుస్తూ కూడా ఆ మాట చెప్పాకే లోపలికొచ్చావు. ఇంటావిడ కనకమహాలక్ష్మి గారు మేడ మీద నుంచి చూసి, ఈ ఇద్దరికీ మతి పోయిందనుకున్నారు.

పన్నెండో భాగంలో వాడి సేనాని వజ్ర వెళ్ళిపోయింది. కోటలో వాడితో కలిసి అన్నం తినే మనిషి ఆవిడొక్కతే. ఒక మాటైనా చెప్పకుండా చిన్న ఓడ ఎక్కి, వెలుగు ఎక్కువుండే ఏదో లోకానికి పోయింది. మంచి పని సేసింది అని నువ్వు పప్పు గిన్నె మీద సూదితో టంగుమని కొట్టావు. ఆ వారంలోనే నీకు అచ్యుతాపురం నుంచి పిలుపొచ్చింది. నువ్వు చెప్పే వెళ్ళావు, ఆ మాట ఒప్పుకుంటాను. బస్సు కిటికీలోంచి తల బయట పెట్టి, పదమూడోది నానొచ్చాక ఇందారి, నువ్వొక్కర్తివీ ఇనకే, ఒట్టు అని అరిచావు. నేను తలూపాను.

ఆ ఒట్టు నేను తప్పాను సత్యా. ఎంతకాలం ఆగుతాను? వచ్చే వారం, వచ్చే వారం అంటూ నువ్వు దాటేశావు. ఆ తర్వాత నవ్వావు. నాకు రోషమొచ్చి విన్నాను. మధ్యమధ్యలో ఆపి ఆపి వేస్తున్నారు, ఇంకా నడుస్తూనే ఉంది. ఏం జరిగిందో నేను చెప్పేస్తున్నాను కాబట్టి నువ్వు వెతుక్కుని వినకు, డేటా దండగ. సింహాద్రమ్మకి ఫోన్ చేసి కూడా అడక్కు. ఈ భాగాలప్పుడు ఆవిడ కునికిపాట్లు పడుతోంది, ఏదో ఒకటి చెప్పేస్తుంది.

వజ్ర పోయిన మర్నాడు మహాకేతు లేచి ఎప్పట్లాగే అడిగాడు. ఎవరూ రాలేదు ప్రభూ అంది యంత్రం. అని ఊరుకోలేదు, సేనాని గారి కుర్చీ తీసెయ్యమంటారా అంది. ఉంచు అన్నాడు. భోజనం వేళకి అది అలవాటుకొద్దీ రెండు కంచాలు పెట్టింది. ఒకటి తీసెయ్యమని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. ఆ కంచం అక్కడే ఉంది, వాడు తన కంచంలోది తిని లేచిపోయాడు. లోకాలన్నిటికీ ఎండ కొలిచేవాడికి ఒక కంచం తీయించడం చేతకాలేదు చూడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత నేనూ ఇద్దరికి సరిపడా బియ్యం కడుగుతున్నానని గుర్తొచ్చింది. రోజూ పొద్దున్న చద్దన్నమే.

వాడు మహా పంతం మనిషి కదా. వజ్రకి కబురు పంపనని ఒట్టేసుకున్నాడు. పంపకుండా ఏం చేశాడనుకున్నావ్? ఒకరోజు యంత్రం కూడా చూడకుండా తెర దగ్గరికి వెళ్ళి, వజ్ర ఉన్న లోకం వైపు చిన్న కన్నం పెట్టాడు. అందరికీ కొలతే. ఆ ఒక్క లోకానికి మాత్రం ఆ కన్నంలోంచి ఎండ ఊరికే పడుతుంది. అక్కడివాళ్ళు ఈ ఏడు ఎండ బాగా కాసింది, మన అదృష్టం అనుకుంటారు. వజ్ర బట్టలారేసుకుంటూ అబ్బ ఎంత హాయిగా ఉందో అంటుంది. ఎక్కణ్ణించి వస్తోందో ఆవిడకి తెలీదు. ఆవిడకి అక్కడ కొత్త స్నేహితులు కూడా ఉన్నారు. వాళ్ళు మహాకేతుని అనుకరిస్తూ గొంతు లావు చేసి మాట్లాడతారు, అందరూ నవ్వుతారు. వజ్ర కూడా నవ్వుతుంది. ఆ నవ్వు వాడి కోట దాకా వినిపిస్తుంది. ఎలా వినిపిస్తుందని అడక్కు, సైన్సు కథ.

మహాకేతు ఆ రోజు అన్నం తినలేదు. కన్నం దగ్గరికి వెళ్ళి దాని మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపు నిలబడ్డాడు. చెయ్యి తీసేశాడు.

ఇప్పుడు అసలు చిక్కు. వాడి మీద తిరగబడ్డవాళ్ళు ఆ కన్నం కనిపెట్టేశారు. తెర అంతటికీ బలహీనమైన చోటు అదొక్కటే. దాంట్లోంచి ఓడలేసుకుని వస్తున్నారు. కన్నం మూసేస్తే మనం బతికిపోతాం ప్రభూ, మూసెయ్యమంటారా అని యంత్రం అడిగింది. అక్కడితో ఆపేశారు. చివరి భాగం వచ్చే ఆదివారమట. వాడు మూస్తాడా, మూయడా? మూస్తే వజ్ర ఇంటి ముందు చీకటి పడుతుంది. అప్పటికైనా ఆవిడకి తెలుస్తుందేమో మరి, ఇన్నాళ్ళూ వెలుగు ఎవరిదో.

ఇంక నా చిక్కు చెబుతాను. కనకమహాలక్ష్మి గారు పోయిన వారం కిందికొచ్చి కూర్చున్నారు. ఆవిడ ఊరికే కూర్చోరని నీకు తెలుసు. మీ సత్యశ్రీ వెళ్ళి ఏడాది దాటిందమ్మా, ఇంక రాదు కదా, ఎస్. రాయవరం నుంచి రోజారమణి అని ఒకమ్మాయి వచ్చింది, బట్టల షాపులో పని, నెమ్మదస్తురాలు, నీకూ తోడుంటుంది, ఆ రెండో మంచం ఇద్దామా అన్నారు. ఈ నెలాఖరుకి ఏదో ఒక మాట చెప్పమన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ పిల్ల మంచిదే, వచ్చి చూసి వెళ్ళింది. నీ మంచం మీద కూర్చోబోతే, తడిగా ఉందమ్మా అని అబద్ధం చెప్పాను. నీ దుప్పటి ఇంకా దాని మీదే ఉంది. గోడకి నువ్వంటించిన బొట్టుబిళ్ళలు అలాగే ఉన్నాయి, జిగురు ఎండి ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఊడ్చినప్పుడు ఏరి మళ్ళీ అంటిస్తున్నాను. నిలబడడం లేదు.

ఇవాళ షెడ్డువాళ్ళంతా కార్తీక వనభోజనాలకి బలిఘట్టం అవతల జీడితోటకి వెళ్ళారు. పొద్దున్న సింహాద్రమ్మ వచ్చి, బేగి రాయే, పులిహోర గిన్నె నువ్వే మోయాల అని పిలిచింది. తలనొప్పి అన్నాను. తలనొప్పేమీ లేదు. అందరూ జంటలు జంటలుగా విస్తళ్ళ ముందు కూర్చుంటారు, నా పక్కన ఎవరు కూర్చోవాలా అని సింగన్న పెళ్ళాం వెతుకుతుంది. ఆ వెతుకులాట నేను పడలేను. మధ్యాహ్నం నుంచి ఈ గదిలో ఫ్యాను తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. ఒంటరిగా ఉంది సత్యా. చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను.

నీ ఉద్యోగం మానెయ్యమని నేనడగను. అక్కడ ఫ్యాను కింద కూర్చుని కుట్టుపని, చేతులు కాలవు, నెల తిరిగేసరికి జీతం. నీకు అదే మేలు. రెండు బస్సులు మారితే వచ్చేసే దూరమే కదా, సెలవు దొరికినప్పుడు వచ్చి పడుకోవడానికైనా నీకు ఈ మంచం కావాలా, అక్కర్లేదా? ఒక్క మాట చెప్పు. కావాలంటే ఉంచుతాను. అక్కర్లేదంటే ఆ పిల్లకి ఇచ్చేస్తాను, నీ దుప్పటి ఉతికి మడతపెట్టి పంపిస్తాను. కోప్పడను. అంటే కోప్పడతాను గానీ నీకు తెలియనివ్వను.

చలి మొదలయింది. పొద్దున్నే బస్సెక్కేటప్పుడు చెవులకి మఫ్లర్ కట్టుకో. ఉంటాను.

ఇట్లు,
జీడిషెడ్డులో పనిచేసే అక్క,
ఈశ్వరి.

తా.క. కవరు అంటించేశాక మళ్ళీ విప్పాను, చూడు, అంచు చిరిగింది. పైన రాసినదాంట్లో మహాకేతు సంగతి నిజం కాదు. నేను పదమూడో భాగం వినలేదు. దాని తర్వాతవీ వినలేదు. నీకిచ్చిన ఒట్టు తప్పలేదు. కంచం, కన్నం, వాడు చెయ్యి అడ్డం పెట్టడం అన్నీ నేను పెడల్ తొక్కుతూ కల్పించుకున్నవి. నువ్వు ఈపాటికే వినేసి ఉంటే, ఇదంతా అబద్ధమని సగంలోనే తెలిసిపోయి ఉంటుంది.

కథ వేసవిలోనే అయిపోయింది. నువ్వు నవ్విన రోజు నేను ఫోన్ చేసింది అది చెప్పడానికే. రేపు షెడ్డులో చివరి భాగం పెడతారటే, నువ్వు రాకపోతే నేను వినను అని చెప్పబోయాను. మర్నాడు అందరూ వింటుంటే నేను ప్రతి వారంలాగే చెవుల్లో దూది పెట్టుకుని, వెనకాల జీడిచెక్కల కుప్ప దగ్గర కూర్చున్నాను. అయ్యాక సింహాద్రమ్మ అందరి తలల మీదా అక్షింతలు వేసింది. నా దగ్గరికొచ్చి, నువ్వు ఇన్నేదు కదే, నీకు ఎయ్యకూడదు అని, మనిద్దరి వాటా కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. అమ్మవారు వచ్చిందో రాలేదో, మహాకేతు బతికాడో చచ్చాడో నాకు తెలీదు. షెడ్డులో ఎవరూ నాకు చెప్పకూడదని సింహాద్రమ్మ అందరికీ గట్టిగా చెప్పింది. ఆ పొట్లం నీ తలగడ కింద ఉంది.

ఇంకొకటి. మంచం సంగతి నిన్ను అడిగినట్టు రాశాను గానీ, కనకమహాలక్ష్మి గారికి నిన్ననే చెప్పేశాను, ఇవ్వనని. నువ్వు అక్కర్లేదన్నా ఇవ్వను.

ఆదివారాలు ఎక్కడికీ వెళ్ళను. చేతులకి ఆముదం రాసుకోను, ఫోన్లో పదమూడో భాగం నొక్కడానికి వీలుగా ఉంటాయి. వచ్చేటప్పుడు ముందుగా చెప్పకు. తిన్నగా వచ్చి తలుపు కొట్టు. ఎవరైనా వచ్చారా అని అడుగుతాను. ఎవరూ రాలేదని చెప్పు, తీస్తాను.